బెర్సీ వద్దన్న వేళాకోళం

స్వావా జీవితంలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక గాజుబల్ల ముందు గడిచాయి. బల్ల కింద దీపం ఉంటుంది. పైన కాడ్ చేప ముక్క పరిస్తే, లోపల దాక్కున్న పురుగు నల్లటి దారంలా కనబడుతుంది. కత్తి మొనతో దాన్ని బయటికి లాగడం ఆవిడ ఉద్యోగం. ఇన్నేళ్లలో లాగిన పురుగుల్ని వరసగా పేరిస్తే రాజధానికి వెళ్లి తిరిగి రావచ్చని వాళ్ల ఊరు కాల్దావిక్‌లో బడి మాస్టారు ఓట్టార్ ఒకసారి లెక్కగట్టాడు. ఈ సేవను దేశం ఇంకా గుర్తించాల్సి ఉంది.

ఆవిడకు ఇంకో పదవి కూడా ఉంది. జీతం లేనిది కనక చాలా గౌరవప్రదమైనది. ఏటా జనవరి చివర జరిగే థోర్రి విందులో ఊరివాళ్లను వెక్కిరించే నాటకం ఆవిడే రాస్తుంది. ఊళ్లో నూట నలభై మంది. ఏడాది పొడుగునా ఎవరు ఏ తెలివితక్కువ పని చేసినా వేదిక మీదికి రావలసిందే. వెక్కిరించినందుకు కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ లేదు. వెక్కిరించకపోతే మాత్రం ఉంది. రెండేళ్ల కిందట తన పేరు మరిచిపోయారని పాస్టరు గారి భార్య మూడు నెలలు స్వావాతో మాట మానేసింది.

విందు ఇంకా తొమ్మిది రోజులుందనగా బెర్సీ ఎండుచేపల సంచీ పట్టుకుని ఆవిడ ఇంటికొచ్చాడు. ఇద్దరూ ఒకే క్లాసులో చదువుకున్నవాళ్లు. ఊరి పడవ బెర్సీది, చేపల షెడ్డు బెర్సీది, అన్నిటికన్నా ముఖ్యంగా కోటా బెర్సీది. మా దేశంలో సముద్రానికి కూడా పట్టా ఉంటుంది. ఏ పడవ ఏడాదికి ఎన్ని టన్నులు పట్టవచ్చో కాగితం మీద ఉంటుంది, ఆ కాగితాన్ని అమ్ముకోవచ్చు. అమ్మిన మర్నాడు కూడా చేప ఆ నీళ్లలోనే ఈదుతుంది. పట్టే హక్కే ఊరివాళ్లకు ఉండదు. కొండ అవతలి ఊళ్లో అలాగే జరిగింది. అక్కడి షెడ్డులో ఇప్పుడు, పూర్వం చేపలు ఎలా పట్టేవారో టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.

"ఏంట్రా, దారి తప్పావా?" అంది స్వావా.

"కాఫీ ఉందా?"

"నీకెప్పుడు లేదన్నాను? ముందా బూట్లు విప్పు."

బెర్సీ కప్పు పుచ్చుకున్నాడు. "నాటకం అయిందా?"

"సగమైంది. నీ భాగం మిగిలింది. కొత్త జీపుని పడవతో పాటు నీళ్లలోకి దింపేశావు చూడు, దాని మీద ఏకంగా పాటే కట్టేస్తున్నా."

"స్వావా, ఈ ఏడు నన్నొదిలెయ్."

ఆవిడ పకపకా నవ్వింది. తను ఒక్కర్తే నవ్వుతున్నానని తెలిసి ఆపేసింది.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"ఇంట్లో ఆల్దాతో గొడవ పడ్డావా?"

"లేదు తల్లీ. ఊరికే. వదిలెయ్, అంతే."

కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. ఆ సగం కాఫీ చల్లారేదాకా స్వావా కుర్చీలోంచి లేవలేదు. తనను వెక్కిరించొద్దని అడిగిన మనిషి కాల్దావిక్ చరిత్రలోనే లేడు. రేపు చూడబోయే మొహాల ముందు నవ్వులపాలు కావడానికి ఎవడూ భయపడడు. రేపు చూడలేని మొహాలైతేనే భయం.

కోటా అమ్ముతున్నాడు.

మర్నాటి నుంచి ఆవిడ చూపు గాజుబల్ల మీద నిలవలేదు. పడవ రేవు దాటిన ప్రతిసారీ, మళ్లీ వస్తుందా అని కిటికీ దగ్గర నిలబడింది. షెడ్డు మూతపడితే ఏభై మూడేళ్ల మనిషికి పురుగులు తీసే పని ఇంకెవరిస్తారు? ఇల్లు అమ్ముదామంటే కొనేవాడేడీ? గోడలకు మొన్న వేసవిలోనే ఎర్రరంగు వేయించింది. కొనేవాడు లేని ఇంటికి ఏ రంగైనా ఒకటే. ఆ వారం ఆవిడ బల్ల దాటిన ముక్కల్లో మూడు పురుగులు దొరికాయి.

"ఏమ్మా స్వావా," అంది షెడ్డు మేస్త్రీ, "మన సరుకు కొనే పోర్చుగల్ వాళ్లు చేపకే కదా డబ్బిచ్చింది, పురుగు మాంసం కూడా ఊరికే పంపుతున్నామా?"

అందరూ నవ్వారు. స్వావా కూడా నవ్వి, ఇంకో ముక్క బల్ల మీద పరిచింది.

ఇక ఆపుకోలేక ఓట్టార్ మాస్టారికి చెప్పింది. ఆయన చేతిలోని సుద్దముక్క రెండుగా విరిగింది.

"బళ్లో తొమ్మిది మంది పిల్లలు. ఆరుగురు షెడ్డు వాళ్ల పిల్లలే," అన్నాడు. "ముగ్గురి కోసం బడి నడపరు స్వావా. నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు."

"మరి వాణ్ణి నాటకంలో పెట్టనా, తీసెయ్యనా?"

"తీసేస్తే ఊరంతా ఎందుకని అడుగుతుంది. ఏం చెప్తావ్?"

పెట్టింది.

విందు రోజు హాలంతా, వడ్డించడానికి పులియబెట్టిన షార్కు చేప వాసన. బెర్సీ, ఆల్దా ముందు బల్ల దగ్గరే కూర్చున్నారు. బెర్సీ తన పళ్లెంలోని కాల్చిన గొర్రె తలను చూస్తున్నాడు, అదీ అతణ్ణి అంతే గంభీరంగా చూస్తోంది. బెర్సీ వేషం స్వావాది. టోపీ, స్వెట్టరు, లోపల దిండు. ఓట్టార్‌ది రేడియో విలేకరి వేషం. జీపు పాటకి హాలు ఈలలతో ఊగిపోయింది. అక్కడితో కాగితం మీద రాసిన నాటకం అయిపోయింది. ఓట్టార్ దిగబోయాడు.

"ఆగండి మాస్టారూ," అంది స్వావా, బెర్సీ గొంతుతో. "కోటా అమ్ముతున్నావా అని నన్నడగరేం?"

ఓట్టార్ పెదాలు తడుపుకున్నాడు. "అ... అమ్ముతున్నావా బెర్సీ?"

జనం నవ్వారు. స్వావా టోపీ తీసి ముందు బల్ల వైపు చూపించింది.

"నాకేం తెలుసు? నేను వట్టి వేషాన్ని. అసలు మనిషి అదుగో, వాణ్ణే అడగండి."

బల్లలు దడదడలాడాయి. "లేవరా బెర్సీ! చెప్పు, చెప్పు!"

ఆల్దా మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది. అయినా అతను లేచాడు. నోరు తుడుచుకున్న కాగితపు రుమాలు గుప్పిట్లో ఉంది.

"మంగళవారం సంతకం పెట్టేశాను," అన్నాడు.

అంత నవ్వు ఆ హాలు ఎన్నడూ వినలేదు. బెర్సీకి ఇంత హాస్యం తెలుసని ఎవరూ అనుకోలేదు. వెనక బల్లల వాళ్లు కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ అనమని అరిచారు. అతను మళ్లీ అనలేదు, కూర్చోనూ లేదు. అతని మొహం కనబడే ముందు బల్ల దగ్గర నవ్వు మొదట ఆగింది. తరవాత దాని వెనక బల్ల దగ్గర. ఆ నిశ్శబ్దం వెనక గోడ దాకా చేరడానికి ఎక్కువసేపు పట్టలేదు. హాలు చిన్నదే.