పేరు రాయని చీటీలు

మా మేడమ్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నాంపల్లిలోని మా డిగ్రీ కాలేజీలో లెక్కల విభాగాన్ని చాలా ఏళ్లు నడిపిన మనిషి. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడే. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లెక్కల పుస్తకాలు తిరగేసేవారు. కొనేది తక్కువ. ఎవరో పిల్లలు పెట్టుకున్న పెన్సిల్ గుర్తులు ఏ పేజీ దగ్గర ఆగిపోయాయో చూసి, సోమవారం ఆ అధ్యాయం మళ్లీ చెప్పేవారు.

సెమిస్టర్ మూడో వారంలో క్లాసులో తెల్ల చీటీలు పంచేవారు. పేరు వద్దు, అర్థం కానిది రాయమనేవారు. మర్నాడు అన్నీ క్లాసులోనే చదివేవారు, తనను తిట్టినవి కూడా. ఇదంతా చివర్లో పెట్టుకోవచ్చు కదా అన్నాను ఒకసారి.

"పరీక్షలైనంక అడిగితే గీ పిల్లలకేం లాభం?" అన్నారు.

నేను లెక్చరర్‌గా చేరిన ఏడాది నా క్లాసులోనూ చీటీలు పంచాను. ఒకదాంట్లో, సార్ మధ్యలో స్టెప్పులు మింగేస్తున్నారు, అడిగితే ఇంటర్లో ఏం చదివావంటున్నారు అని ఉంది. ఒళ్లు మండింది. హోంవర్క్ నోటుబుక్కులన్నీ ముందేసుకుని, ఆ రాత ఒక అమ్మాయిదని పోల్చి పట్టుకున్నాను. ఇంటర్నల్ మార్కులు నా చేతిలోనే ఉన్నాయి. నా ఘనకార్యం వెళ్లి మేడమ్‌కే చెప్పాను, అంత తెలివి నాది.

ఆవిడ కోప్పడలేదు. "పేరు పట్టుకుంటే పిల్ల దొరుకుతది. నీ తప్పు గాడనే ఉంటది. గా పిల్లకు మార్కులు తగ్గినయంటే, ఇగ ఈ కాలేజీల ఎవ్వరూ నిజం రాయరు."

మర్నాడు వచ్చి నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నారు. పిల్లలందరి ముందూ ఆ చీటీ చదివాను. మింగేసిన స్టెప్పులన్నీ బోర్డు మీద రాశాను. అప్పటిదాకా నోరు మెదపని ముగ్గురు ఆ రోజు డౌట్లు అడిగారు. ఆ అమ్మాయికి రావలసిన మార్కులే వేశాను.

అంత్యక్రియల మర్నాడు సెలవు పెట్టకుండా క్లాసుకు వెళ్లాను. ఈ సెమిస్టర్‌కు అది మూడో వారం. పాఠం కాగానే చీటీలు పంచాను.

"సార్, మేడమ్ పోయినందుకు మీరు బాధలో ఉన్నరని తెలుసు. కానీ ఇయ్యాల పాఠం మాకు అర్థం కాలేదు," అని ఒకరు రాశారు.

స్టాఫ్‌రూమ్‌లో అది చదువుకుని ఏడ్చాను. గర్వంగానూ అనిపించింది. ఆ రాత ఎవరిదో ఆలోచించలేదు.

తెల్లారి క్లాసులో దాన్ని గట్టిగా చదివి, బోర్డు తుడిచి, మొదటి లైను నుంచి మొదలుపెట్టాను. గదంతా ఒక్కసారే కొత్త పేజీ తిప్పింది.