జూన్ నెల ఎక్కాలు

మా సూర్యకళ టీచర్‌కి ఒక వింత అలవాటు ఉండేది. ఏడాదంతా క్లాసులో చీమ చిటుక్కుమన్నా ఒప్పుకోని మనిషి, జూన్‌లో ఒక్కరోజు మాత్రం మా చేత గొంతులు చించుకునేలా ఎక్కాలు చెప్పించేది.

నేను ఎనభై తొమ్మిదిలో ఆవిడ పనిచేసే నాచారం బడిలో ఐదో తరగతిలో చేరాను. రిజిస్టర్ రాసే రోజంటే నాకు హడల్. ఉప్పల్‌లో నా పాత బడిలో ఒక్కొక్కరినీ లేపి, కులం, తండ్రి చేసే పని అందరి ముందూ అడిగేవాళ్లు. మా నాయన చర్లపల్లి జైల్లో ఉన్నాడని ఉన్నదున్నట్టు చెప్పాను. మర్నాటి నుంచి నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఇక్కడా అదే జరిగితే బడి మానేస్తానని అమ్మతో తెగేసి చెప్పాను.

టీచర్ రిజిస్టర్ తెరిచింది.

"పదమూడో ఎక్కం. బజార్లోకి వినపడాలి," అంది.

క్లాసు దద్దరిల్లుతుంటే, ఒక్కొక్కరినీ కిటికీ దగ్గరికి పిలిచి చెవి వాళ్ల నోటి దగ్గర పెట్టి వింది. నాకు భయం పోయి ఆరాటం పట్టుకుంది. రైల్వే వాళ్లమ్మాయి తారామణి ఏం చెప్పింది? చెప్పాక ఎందుకు నవ్వింది? ఎంత చెవులు రిక్కించినా పదమూడార్లు డెబ్బై ఎనిమిది తప్ప ఏమీ వినపడలేదు.

హెడ్మాస్టర్ జనార్ధనరావు గారు తలుపు దగ్గరికొచ్చి, "ఏందమ్మా ఈ లొల్లి?" అన్నారు.

"పిల్లల వివరాలు రాసుకుంటున్నానండీ."

ఆయనకు ముక్క అర్థం కాలేదు. తల గోక్కుంటూ వెళ్లిపోయారు.

నా వంతు వచ్చింది. "నాయన జైల్ల ఉన్నడు టీచర్. ఆడ పొలం పని చేపిస్తున్రంట," అన్నాను.

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. 'వ్యవసాయం' అని రాసి, "వెళ్లి ఎక్కం అందుకో," అంది. ఆవిడ మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆగస్టులో తారామణి వాళ్లమ్మ బడికొచ్చింది. "మా అమ్మాయి పక్కన కూర్చునే ఉప్పలమ్మ తండ్రి ఏం చేస్తాడండీ?" అని అడిగింది. ఉప్పలమ్మంటే నేనే. బోర్డు తుడుస్తూ అక్కడే ఉన్నాను. నా చేయి ఆగిపోయింది.

"అది ఆ పిల్ల చెప్పుకోవాల్సిన సంగతండీ. మీ అమ్మాయి గురించి అడగండి, చెప్తాను," అంది టీచర్.

పరీక్షలైపోయిన రోజు నాయన జైల్లో ఉన్నాడని, అక్కడ పొలం పని చేస్తాడని తారామణికి నేనే చెప్పాను. అది "పొలంలో ఏం పండిస్తారు మీ నాన్న?" అని అడిగింది.

నాకూ తెలియదు. ఆ తర్వాత జైలుకు ములాఖత్‌కి వెళ్లినప్పుడు మొట్టమొదట నాయనను అదే అడిగాను.