రేకుబాబు నోట వచ్చిన నువ్వు

మాటలమ్మ ప్రతి ఉదయం దేవుడికి దండం పెట్టుకున్నాక, వంటగది కిటికీలో చేతి అద్దం నిలబెట్టుకుని ముందురోజు రాసిన మాటలు పైకి చదివేది. చదువుతున్నంతసేపూ తన పెదవులనే చూసుకునేది. పరాయి భాషలో తీసిన అంతరిక్ష సీరియల్‌కు తెలుగు మాటలు రాయడం ఆమె పని. తెర మీద నటుడి పెదవులు మూసుకున్న చోట మన మాటలో కూడా ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు తెరిచి ఉన్న చోట పడకూడదు. పడితే మాటొక దారి, నోరొక దారి అవుతుంది. పదకొండేళ్ళుగా డబ్బింగ్ స్టూడియోలో అందరూ ఆమెను మాటలమ్మ అనే పిలిచేవారు. ఆ పిలుపు ఆమెకూ ఇష్టమే.

ఆ సీరియల్‌లో చుక్కల మధ్య తిరిగే ఓడ ఒకటి, దానికొక కెప్టెనమ్మ, ఆమె వెంట ఒక మరమనిషి. చూసేవాళ్ళు ముద్దుగా రేకుబాబు అనుకునేవారు. అరవై భాగాలుగా రేకుబాబు కెప్టెనమ్మను "మీరు" అంటూ వచ్చాడు. అలా అనిపించింది మాటలమ్మే. అసలు భాషలో చిన్నకూ పెద్దకూ ఒకటే మాట. అరవై ఒకటో భాగంలో కెప్టెనమ్మ పాడుబడ్డ గ్రహం మీద ఒంటరిగా దిగబోతుంటే రేకుబాబు ఆపుతాడు. అక్కడ ఆ వేషం కట్టిన నటుడి నోరు తెరిచే ఉంది, "మీరు" ఇమడలేదు. కొలత కోసం "నువ్వు వెళ్ళకు" అని రాసుకుని, తర్వాత మారుద్దామనుకుంది. ఆ రోజే అత్తగారికి జ్వరం వచ్చింది. ఆ హడావిడిలో మరిచిపోయింది. కాగితం అలాగే వెళ్ళింది, రికార్డయింది, టీవీలో వచ్చేసింది.

ఆ భాగం వచ్చిన సాయంత్రం టీవీ ముందు మాటలమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. పక్కన అత్తగారు కళ్ళు ఒత్తుకుంది.

"విన్నావా అమ్మాయ్, నువ్వన్నాడు."

"విన్నానత్తయ్యా."

"ఇన్నాళ్ళూ మీరు మీరు అని చేతులు కట్టుకు నిలబడ్డవాడు ఊరికే అంటాడా? ఆ పిల్లంటే ప్రాణం వాడికి. పైకి రేకే గానీ లోపల మనిషి."

"పొరపాటున వచ్చిందేమో అత్తయ్యా."

"నీకేం తెలుసు, ఊరుకో. రాసేదానివి నువ్వు. చూసేదాన్ని నేను."

మర్నాడు బస్సులోనూ అదే గొడవ. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మరీ వాదిస్తున్నాడు. "ప్రేమా లేదు, దోమా లేదు. శత్రువులు వాడి బుర్రలో ఏదో దూర్చారు. పై అధికారిని నువ్వన్నాడంటే తిరుగుబాటే."

ముందు సీట్లో కూర్చున్న నర్సు ఒప్పుకోలేదు. "ప్రాణం మీదికొచ్చినప్పుడు మర్యాదలు ఎవరికి గుర్తుంటాయండీ? మా డాక్టర్లను చూడండి, ఆపరేషన్ మధ్యలో ఒకళ్ళనొకళ్ళు నువ్వనేసుకుంటారు."

"అయితే నేనూ ఇవాళ మా డిపో మేనేజర్ని నువ్వంటాను. రేపు బస్సులో కనిపిస్తానో లేదో మీరే చూడండి," అన్నాడు కండక్టరు.

బస్సంతా నవ్వింది. మాటలమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు ముందు పనిచేసిన రచయితను ఇలాంటి తప్పుకే మాన్పించారు. కొత్త సీజన్ మాటలు ఎవరికివ్వాలో ఈ వారమే తేలుతుంది. స్టూడియో ఇన్‌చార్జి పొద్దున్నే ఫోన్ చేసి, ఒకసారి వచ్చి కలవమన్నాడు.

దారిలో ఒక ఆలోచన రాకపోలేదు. కావాలనే రాశానంటే కాదనేదెవరు? జనమంతా దానికి అర్థాలు వెతికి పెడుతున్నారు కూడా. కానీ దేవుడి పేరు తలుచుకున్న నోటితో ఆ అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

ఇన్‌చార్జి గదిలో కూర్చోకముందే చెప్పేసింది. "సార్, ఆ నువ్వు నా పొరపాటు. ఏ అర్థమూ పెట్టి రాసింది కాదు."

ఇన్‌చార్జి కళ్ళజోడు తీశాడు. "మీదెలా అవుతుందమ్మా? పెద్దాయన తన నోరే జారిందన్నాడే."

పెద్దాయన అంటే రేకుబాబుకు గొంతు అరువిచ్చే కళాకారుడు. మాటలమ్మ ఆయన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. పొద్దున ఇన్‌చార్జి అడగగానే, కాగితంలో మీరు అనే ఉందని, తనే తప్పు చదివానని ఒప్పేసుకున్నాడట. ఏదీ కాగితం అంటే పారేశానన్నాడట.

"హాల్లో అందరి ముందూ నాలుగు చివాట్లు పెట్టాను. తల వంచుకుని పడ్డాడు పాపం," అన్నాడు ఇన్‌చార్జి. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అసలు మిమ్మల్ని పిలిచింది దీనికి కాదు. ఛానెల్ వాళ్ళు తెల్లారిన దగ్గర్నుంచి ఫోన్లే ఫోన్లు. ఇక మీదట రేకుబాబు నువ్వనే అనాలట. కొత్త సీజన్ మీరే రాయాలి."

"తప్పు చేశానని చెప్పినా కూడానా సార్?"

"పదకొండేళ్ళకు ఒకటి. అదీ మీ అంతట మీరొచ్చి చెప్పారు. ముందు కూర్చోండమ్మా, మీరలా నిలబడితే నాకు భయమేస్తోంది."

మాటలమ్మ కూర్చుంది. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగిపోయి, ఊపిరి హాయిగా ఆడింది. మనసులోనే దేవుడికి దండం పెట్టుకుంది. అత్తగారి మాటే చివరికి నెగ్గిందని తలుచుకుంటే నవ్వు కూడా వచ్చింది.

ఇన్‌చార్జి ఇచ్చిన మంచినీళ్ళు తాగుతూ అద్దం తలుపులోంచి చూసింది. అవతల హాల్లో పెద్దాయన మిగతావాళ్ళకు దూరంగా, మూలన కుర్చీలో కూర్చుని కాగితాలు తిరగేస్తున్నాడు.

గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది.

"సార్, నాకో సాయం చేసిపెట్టాలి. అన్నయ్యగారిని అందరి ముందూ అన్నారు కదా. ఇప్పుడు నాతో హాల్లోకి రండి. తప్పు ఆయనది కాదు, నాదని ఆ అందరి ముందే చెప్పండి."