లక్ష్మివారం నాటి చెమట

మా ఆయన బొగ్గు రైలుబళ్ళు నడిపేవారు. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవారు అదే మాట తిరిగి అనాలి. ఎదురుగా కనబడుతున్నదాన్ని నోటితో చెప్పుకోవడమేమిటని నేను నవ్వేదాన్ని. ఆ అలవాటు డ్యూటీ దిగాక కూడా ఆయన్ని వదిలేది కాదు. పప్పులో ఉప్పు వేశానంటే చాలు, "ఉప్పు వేశావు" అని తిరిగి అనేవారు.

ఆయన పోయాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి, బిలాస్‌పూర్ చివర మోప్కాలో కొడుకు కట్టుకున్న ఇంటికి వచ్చాను. అక్కడే నా మనసు చెడింది. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది, చేతులు వణికేవి, ఒళ్ళంతా చెమట. ఇప్పుడే ఏదో అయిపోతుందని భయం. కొన్నాళ్ళు మంచమే దిగలేదు. కోడలే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మనసుకి బిళ్ళలు ఇచ్చారు. వేసుకుంటూ ఉంటే మెల్లగా లేచాను, స్నానం చేశాను, వాకిట్లో ముగ్గు వేశాను, ఒకరోజు కూరలో కారం గురించి కోడలితో పోట్లాడాను కూడా. ఆ పోట్లాటకి అది ఎంత సంబరపడిందో, సాయంత్రం రైలింజన్ల షెడ్డులో పని దిగి వచ్చిన మొగుడికి మంచినీళ్ళకంటే ముందు ఆ సంగతే అందించింది.

అలా తేరుకుంటుండగా రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. ఇంకో బిళ్ళ వచ్చి చేరింది. అది పొద్దున్న టిఫిన్‌కి ముందు వేసుకోవాలి. నాకు సంతకం వరకే వచ్చు, బిళ్ళల అట్టమీద రాసింది తెలియదు. కోడలు మనసు బిళ్ళలు పసుపు డబ్బాలో పోసింది. షుగర్ బిళ్ళలకి డబ్బా వెతుకుతూ ఖాళీగా పడి ఉన్న నా కుంకుమ భరిణె దగ్గర ఆగిపోయి నా ముఖంలోకి చూసింది. పొయ్యవే, అన్నాను.

మార్గశిరం వచ్చింది. మా శ్రీకాకుళం వైపు వాళ్ళం ఎక్కడున్నా మార్గశిర లక్ష్మివారాలు మానం. పూజ కోడలు చేస్తుంది, ఉపవాసం దానితోపాటు నేనూ ఉంటాను. మొదటి లక్ష్మివారం పొద్దున్న లేవగానే భరిణె తీసి బిళ్ళ వేసుకున్నాను. బిళ్ళ అన్నం కాదు కదా, మందుతో ఉపవాసం చెడదు అనుకున్నాను. పూజయ్యేదాకా మెతుకు ముట్టనని, నైవేద్యానికి పరమాన్నం వండుతూ పొయ్యి దగ్గర నిలబడ్డాను.

బెల్లం కలపబోతుంటే చెయ్యి వణికింది. గుండె దడ. బిలాస్‌పూర్ చలిలో, శాలువా కప్పుకున్న ఒంటికి చెమట పట్టింది. మళ్ళీ వచ్చిందిరా దేవుడా, అనుకున్నాను. పండగ పూట ఇంటిల్లిపాదినీ హడలగొట్టడమెందుకని ఎవరినీ పిలవలేదు. పసుపు డబ్బా కోసం గోడ పట్టుకుని నడిచి, అందుకోలేక కింద కూలబడ్డాను.

ఆ చప్పుడుకి కోడలు తడి జుట్టుతో పరుగున వచ్చింది. నా మెడ మీద చెయ్యి పెట్టి చూసి, షుగర్ చూసే మిషన్ తెచ్చి వేలు గుచ్చింది. అందులో పడిన అంకె చూడగానే దాని ముఖం పాలిపోయింది.

"అత్తా, ఇది మనసు కాదు, షుగర్ పడిపోయింది. ఏటీ తినకుండా బిళ్ళేసీసుకున్నావేటి?"

"పూజ అవనేదు కదే."

నైవేద్యానికి తీసిపెట్టిన బెల్లం పళ్ళెమే దాని చేతికి అందింది. నేను పెదాలు బిగించాను.

"అమ్మవారికి నాను సెప్పుకుంటాను. నువ్వు నోరు తెరు."

తెరిచాను. బెల్లం కరుగుతుంటే లోకం మళ్ళీ కుదురుగా నిలబడింది. తర్వాత అమ్మవారి కంటే ముందు నాకు పరమాన్నం పెట్టి, నేను మింగేదాకా కదలకుండా కూర్చుంది. డాక్టరు విని, తిండి లేని రోజున ఆ బిళ్ళ వద్దని, ఉపవాసమంటే ముందు తనని అడగమని గట్టిగా చెప్పారు. మిగిలిన లక్ష్మివారాలు నేను ఇడ్లీ తిన్నాకే పూజ దగ్గర కూర్చున్నాను.

కోడలికి మాత్రం భయం పోలేదు. నేను కూలబడ్డ రోజు సాయంత్రమే నా కాళ్ళ దగ్గర కూర్చుని అంది. "రెండూ ఒకలాగే ఒస్తే నాకెలగ తెలస్తాది? అచ్ఛా, మామయ్య సిగ్నల్ సెప్పినట్టు పైకి సెప్పీ. దాచకు."

మొన్న మధ్యాహ్నం, కడుపు నిండా తిన్నాకే, గుండె దడ మొదలైంది.

"ఓలే, ఒచ్చింది," అన్నాను.

"ఒచ్చింది," అంటూనే మిషన్ తెచ్చింది. ఈసారి వేలు నేనే చాచాను. అంకె బాగానే ఉంది.

"షుగర్ కాదు. మనసే," అన్నాను.

"మనసే," అంది.

పచ్చి బఠాణీల పళ్ళెం తెచ్చి నా పక్కన కూర్చుంది. వణికే చేతులతోనే ఒలవడం మొదలుపెట్టాను. కొంతసేపటికి చేతులు కుదురుకున్నాయి. పళ్ళెంలో బఠాణీలు మాత్రం పెరగలేదు. నేను ఒలిచినవి ఒలిచినట్టే అది నోట్లో వేసుకుంటోంది.