ఈస్టులో నాన్న వాటా

శేరిగూడ కాలేజీలో మా ల్యాబ్ అటెండర్ పెట్రీ డిష్షులు కడుగుతూనే నా పాఠాలన్నీ వినేవాడు. కూతురు పరుగుపందెంలో గెలిచినప్పుడల్లా “నా దమ్మే వచ్చింది” అని మురిసిపోయేవాడు. ఒకరోజు క్లాసులో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మనుషుల్లో తల్లి నుంచే బిడ్డకు వస్తాయని చెప్పాను. పిల్లలు వెళ్ళగానే ఆయన నా బల్ల దగ్గరికొచ్చాడు.

“అంటే మేడమ్, నేనేం ఇయ్యలేదా?”

నాకు అబద్ధం చేతకాదు. “మిగతాదాంట్లో సగం మీదే భాయ్. ఇది మాత్రం కాదు,” అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. పాపమనిపించి, రొట్టెను పొంగించే ఈస్టు గురించి చెప్పాను. అక్కడ రెండు కణాలు కలిస్తే, రెండింటి మైటోకాండ్రియా కొత్త కణంలోకి చేరతాయి.

“గిది ఇన్సాఫ్ అంటే! ఇద్దరికి న్యాయం!” అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా! సగం పాఠం చెప్పి వదిలేయడం నావల్ల కాదు. “కానీ ఆ కణం మొగ్గలు తొడుగుతూ పోతే, కొన్ని తరాలకే ఒక్కోదాంట్లో ఒక వైపువే మిగులుతాయి. ఎవరివన్నది చాలావరకు టాస్ వేసినట్టే,” అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు.

“ఈస్టుల టాసన్న ఏస్తరు మేడమ్. మా ఇంట్ల గదీ లేకుండనే మా బేగం గెలిచింది.”