ద్రాక్ష కోసం కోసిన కారు

పోయిన శుక్రవారం పొద్దున మొక్కలకు నీళ్లు పోస్తుంటే మా గేటు దగ్గర ఒక జంట ఆగింది. ఇద్దరి మెడల్లోనూ ఆఫీసు కార్డులు. పిల్లవాడు ఎంతో మర్యాదగా, ఆంటీ, మీ వాకిట్లో ఉన్న ఆ పాత అంబాసిడర్ పికప్‌ని మా పెళ్లి ఫొటోల కోసం ఒక పూట కిరాయికి ఇస్తారా అని అడిగాడు. ఇవ్వను నాయనా అన్నాను. ఎందుకివ్వరని ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది గానీ, ఎందుకో చెప్పడం మొదలుపెడితే మధ్యాహ్నమయ్యేది, వాళ్లకేమో పది గంటలకు మీటింగట. అందుకని మీకు చెబుతున్నాను. మన ఈడువాళ్లకు మీటింగులుండవు, మోకాళ్ల నొప్పులు తప్ప.

మీలో ఎంతమందికి గుర్తుందో గానీ, ఇప్పుడు అద్దాల మేడలు లేచిన ఈ గుట్టల నడుమ ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవి. ఖాజాగూడ చెరువుకు ఎగువన మా నాయన కౌలుకు చేసిన తోట ఉండేది. పందిళ్ల కింద నడిస్తే నడి ఎండలో కూడా నెత్తి చల్లగా ఉండేది, చేతికందే గుత్తుల్ని కోయకుండా నడవడమే మాకు పెద్ద శిక్ష. అంత ద్రాక్షా మార్కెట్టుకు చేరేది మాత్రం లారీలో. ఆ రాళ్ల దారిలో లారీ ఎగిరెగిరి పడితే గంపల అడుగున గుత్తులు నలిగి రసం కారిపోయేది. నాయన ఆ గంపల్ని చూసి, పిల్లలకు దెబ్బ తగిలినట్టు విలవిల్లాడేవాడు.

మా అమ్మ తల్లిగారిల్లు కోకాపేట. అమ్మ అక్కడికి పోవాలంటే ఎడ్లబండి, లేదంటే కాలినడక. అమ్మ తమ్ముడి భార్య, అంటే మా అత్త, పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. అమ్మ బండి దిగగానే చీరకంటిన గడ్డిపోచను రెండు వేళ్లతో తీసి, అందరికీ కనిపించేలా పట్టుకుని, "వదినె, పశులకు మేత గిట్ల తెచ్చినవా ఏంది?" అని నవ్వేది. అత్త చెడ్డది కాదు, నోరు ఊరుకోదు, అంతే. కానీ అమ్మకు ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అత్త చూస్తుండగా తల్లిగారి వాకిట్లో కారు దిగాలని అమ్మ కోరిక. నగలు అడగలేదు, పట్టుచీరలు అడగలేదు, అదొక్కటే అడిగింది.

నాకు పదమూడేళ్లప్పుడు ఆ కారు వచ్చింది. ఎవరో కాంట్రాక్టరు అమ్మేస్తున్న మీగడ రంగు అంబాసిడర్ని నాయన కొన్నాడు. మొదటి రోజు అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి చెరువు కట్ట చుట్టూ తిప్పాడు. అమ్మ సీటు నడుమ నిటారుగా, పక్కలకు చూడకుండా, అందరూ తననే చూస్తున్నారని బాగా తెలిసినదానిలా కూర్చుంది. మరో రెండు వారాల్లో అత్త కొడుకు పుట్టెంట్రుకలు. వాకిలి ఊడ్చి పెట్టండి, నేను కారులో వస్తున్నాను అని అమ్మ కోకాపేటకు కబురు పంపింది.

పుట్టెంట్రుకలు ఇంకా నాలుగైదు రోజులుందనగా నాయన ఒక పని చేశాడు. సరదాకో, పరీక్షకో, ఒక గంపెడు ద్రాక్షను కారు వెనక సీట్లో పెట్టి మార్కెట్టుకు తీసుకుపోయాడు. గంప దించి చూస్తే ఒక్క పండు నలగలేదట. లారీ కింది స్ప్రింగు పట్టీలు మనిషిని ఎగరేస్తే కారు పట్టీలు ఉయ్యాల ఊపుతాయని ఆ రోజు తెలిసింది నాయనకు. సాయంత్రం ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని చాలాసేపు కారునే చూశాడు. మర్నాడు నన్ను బడికి దించుతూ, తోట మొత్తం పండిందని, మబ్బులు చూస్తే భయమేస్తోందని, కారు వెనక భాగం కోయించి ట్రాలీ కట్టిస్తున్నానని చెప్పాడు. "అమ్మకు చెప్పకు బిడ్డా. నేనే మెల్లగ చెప్త" అన్నాడు. ఆయన మెల్లగా కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కారు మూడు రోజులు ఇంటికి రాలేదు. చందానగర్ దగ్గర బొంబాయి రోడ్డు మీద ఒక వెల్డింగు షెడ్డులో ఉంది. ఇక్కడ అమ్మ పెట్టె సర్దుతోంది. చీరలు నేనే మడత పెట్టి ఇస్తున్నాను. కారేది బిడ్డా అని అమ్మ అడిగితే, సర్వీసింగుకు పోయిందే అమ్మా అన్నాను. మర్నాడూ అడిగింది. మర్నాడూ అదే చెప్పాను. ఇంత వయసొచ్చాక కూడా ఆ మాట తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

పుట్టెంట్రుకల రోజు పొద్దున నాయన బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. ముందు సగం మన కారే, అదే మీగడ రంగు, అదే గుండ్రటి దీపాలు. ముందు సీటు వెనకాల రేకు గోడ, ఆ వెనక అంతా బోడి ట్రాలీ. అమ్మ కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడి, "వెనక సీటేది?" అని ఒక్క మాట అడిగింది. నాయన ఉత్సాహంగా ట్రాలీలోకి చెయ్యి చూపించి, "ఇగో, పారెయ్యలే, తెచ్చిన" అన్నాడు. అయ్యో, ఆ మనిషి అమాయకత్వానికి ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. "తెగ్గోసిన బండిల నేను కాలు పెట్ట" అని అమ్మ లోపలికి వెళ్లి పెట్టె విప్పేసింది. ఆ రోజు కోకాపేటకు మాలో ఎవ్వరం పోలేదు.

అమ్మ అన్న మాట మీద నిలబడింది. నాయన బతికున్నంత కాలం ఆ బండెక్కలేదు. బస్సులో పోయింది, ఆటోలో పోయింది, దవాఖానకు కూడా పక్కింటి వాళ్ల స్కూటరు మీదే పోయింది గానీ అందులో కూర్చోలేదు. వెనక సీటు మా అరుగు మీద సోఫా అయ్యింది, వచ్చినవాళ్లంతా కూర్చున్నారు, పిల్లులు పిల్లల్ని పెట్టాయి, అమ్మ ఒక్కతే దాని పక్కన నేల మీద కూర్చునేది. మా అత్త ఊరుకుంటుందా, కనబడ్డప్పుడల్లా "వదినె, నీ కారెప్పుడొస్తది?" అని అడిగేది. తర్వాత తర్వాత అది ఇద్దరి మధ్యా పలకరింపే అయిపోయింది.

బావులెండి తోటలు పోయాయి, తోటల నేల మీద ఆఫీసులు లేచాయి, బండి మా గోడవారకు చేరింది. నాయన పోయాడు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. బండి మీద చిక్కుడు తీగ పాకింది, ఇంజను మూత కింద కోళ్లు పొదిగాయి. బాగుచేయిద్దామని నేను అన్నప్పుడల్లా మా ఆయన, "కోళ్ల కాపురం కూల్చేస్తావుటే పాపం" అనేవారు. ఆయనది గోదావరి వైపు. కొలువుకని ఈ ఊరొచ్చి, మా ఇంట్లో కిరాయికి దిగి, అల్లుడై మిగిలిపోయిన మనిషి.

నాలుగేళ్ల క్రితం అత్త పోయింది. దశదిన కర్మ చూసుకుని క్యాబులో ఇంటికొచ్చాక అమ్మ ఆ తీగల కింది బండిని కాసేపు చూసి, "ఇగ నీ కారేదని ఎవ్వరు అడుగరు" అంది. ఏడుస్తూ అనలేదు, మామూలుగా అంది. అమ్మకప్పటికే ఎనభై దగ్గర పడుతోంది. ఈ బండిని నడిపించి, ఈవిడను ఒక్కసారి ఇందులో కూర్చోబెట్టకపోతే నేను చేసిన తప్పు నాతోనే కాటికి వస్తుందనిపించి, బాగుచేయించే పని ఆ రోజే మొదలుపెట్టాను.

బండిని కోసిన షెడ్డు కోసం చందానగర్ వెళితే అక్కడ సెల్‌ఫోన్ల దుకాణముంది. వాకబు చేస్తే ఆ షెడ్డు నడిపిన ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్న మిస్త్రీ ఒకాయన దొరికాడు, నా ఈడువాడే. మా ఇంటికొచ్చి రేకు గోడ అతుకు మీద వేలు పెట్టి చూసి, ఇది మా ఉస్తాదు చెయ్యే అన్నాడు. పని మా వాకిట్లోనే రెండేళ్లు నడిచింది. ఉప్పు కాగితంతో తుప్పు గీకడం, సొట్టలు పూడ్చే లప్పం పెట్టడం నేనూ నేర్చుకున్నాను; మా ఆయన ముక్కు మూసుకుని కార్బురేటరు కడిగారు. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని అందరికీ తప్పులు పట్టేది.

ఒకరోజు మిస్త్రీ, "ఫికర్ చెయ్యకమ్మా, పాత బాడీ దొరుకుతది, మళ్ల నిండు కారు చేసిస్త" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను ఔననేలోపే అమ్మ, "ఏమొద్దు. గా గంపలే మిమ్ముల సాదినయి. గట్లనే ఉండనియ్యి" అంది. మరి ఇన్నేళ్లూ ఎందుకెక్కలేదే అమ్మా అని అడిగాను. "మీ నాయన ఒక్క మాట అడిగితే నేనే కొయ్యమందును" అంది. ఇక ఆగలేక, నాకు ముందే తెలుసమ్మా, సర్వీసింగని అబద్ధం చెప్పాను అని చెప్పేశాను. అమ్మ నా చేతికంటిన లప్పాన్ని తన కొంగుతో తుడుస్తూ, "నీ మొఖం చూస్తే తెల్వదా? నువ్వన్న చెప్తవేమోనని మూడు దినాలు చూసిన" అంది. ఉప్పు కాగితం పట్టుకుని ఆ వాకిట్లోనే, మిస్త్రీ ముందే, బావురుమని ఏడ్చాను.

బండి స్టార్టయిన మూడో రోజు, ఎవరూ పిలవకుండానే అమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. "తల్లిగారింటికి తోల్కపో" అంది. ఇల్లెక్కడిది, మామ పిల్లలు అమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయారు; ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. నేను గేరు వేశాను. పెద్ద పెద్ద ఆఫీసుల మధ్య మా బండి గుడుగుడుమంటూ పోతుంటే సిగ్నళ్ల దగ్గర పిల్లలు ఫోన్లు పైకెత్తారు. అమ్మ నిటారుగా కూర్చుంది. కోకాపేటలో రెండు సార్లు ముందుకూ వెనక్కూ తిప్పించి, ఒక టవర్ల గేటు ముందు, ఇక్కడ ఆపమంది. ఇక్కడే అని ఎలా తెలిసిందో నాకు తెలియదు.

సెక్యూరిటీ ఆయన పరుగున వచ్చాడు. యాభై దాటిన, పాలమూరు దిక్కు మనిషి. ఇక్కడ ఆపొద్దమ్మా అన్నాడు. అమ్మ తలుపు తీసుకుని, ఒక చేత్తో కొంగు సవరించుకుని, మెల్లగా దిగింది. "నేను ఈ ఇంటి ఆడిబిడ్డను" అంది. ఆయన చేతిలోని పుస్తకం తెరిచి, "ఏ టవరమ్మా? ఫ్లాట్ నంబరు చెప్పు" అన్నాడు. అమ్మ తలెత్తి పై దాకా చూసింది, మళ్లీ కిందికి చూసింది. ఆయనకేం అర్థమైందో, పుస్తకం మూసి, ఎండకు తిరిగినవు కొన్ని నీళ్లు తాగమ్మా అని తన సీసా ఇచ్చాడు. అమ్మ ఆ నీళ్లు తాగలేదు. చెప్పులు విడిచి, ఆ సిమెంటు బాట మీద నిలబడి, రెండు కాళ్ల మీదా పోసుకుంది. ఆడపిల్ల పుట్టింటికొస్తే గడపలో కాళ్లకు నీళ్లిచ్చేది మరదలే కదా. ఆ మనిషి బిత్తరపోయి చూసి, తర్వాత ఏమనుకున్నాడో, తన తలకు చుట్టుకున్న తువాలు తీసి కాళ్లు తుడుచుకోమని అందించాడు.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ, బండి మంచిగ నడుస్తున్నదని మెచ్చుకుంది. నాకు రోడ్డు సరిగా కనబడలేదు. ఇప్పుడు ఆ రోడ్డు మీద మనకంటే ఎంతో గొప్ప కార్లలో మనుషులు వచ్చి దిగుతున్నారు, వాళ్లకు ఎదురొచ్చేవాళ్లున్నారో లేదో నాకు తెలియదు. నా సంగతి మాత్రం నాకు తెలుసు. పరీక్షలయ్యాక చూద్దాం, సెలవుల్లో చూద్దాం, రిటైరయ్యాక చూద్దాం అంటూ ఆ బండిని గోడవార ఎండకూ వానకూ వదిలేసింది నేను. అన్ని సామాన్లూ దొరికాయి, మిస్త్రీ దొరికాడు. నేను కాస్త ముందు తెములుకుని ఉంటే అత్త కూడా ఉండేది, ఏదో ఒక వెక్కిరింపు మాట అంటూ చెంబుతో నీళ్లు తెచ్చేది. అమ్మ ఆ మాట నన్ను ఇంతవరకూ ఒక్కసారైనా అనలేదు. అంటే బాగుండును.