అమ్మను దెయ్యం చేసిన గొంతు

మా డబ్బింగ్ స్టూడియోలో పాత్రలకు గొంతు ఇచ్చే ఒకావిడను అందరం పిన్ని అనే పిలిచేవాళ్లం. నిజానికి అలా పిలిచే హక్కు ఒక్క చిట్టిదే. చిట్టి ఆవిడ అక్క కూతురు. బడి వదలగానే స్టూడియోకి వచ్చి, అద్దానికి ఇవతల నా పక్కన కూర్చుని, పిన్ని పని ఎప్పుడవుతుందని అడుగుతూ ఉండేది. విని విని మాకూ అదే నోటికి వచ్చేసింది. నేనక్కడ సౌండ్ రికార్డిస్టుని.

చిట్టికి ఊహ తెలియని వయసులోనే తల్లి జబ్బు చేసి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊళ్లో స్థిరపడ్డాడు. పిల్లను పంపమని ఆయన అడగలేదు, పంపుతానని పిన్నీ అనలేదు. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "ముందు దీనికి చేయనివ్వండి" అని నవ్వేసేది.

అమ్మ మళ్లీ వస్తుందా అని పిల్ల అడిగినప్పుడల్లా పిన్ని ఏం చెప్పాలో తోచక, సర్దిన బట్టలే మళ్లీ సర్దుతూ కూర్చునేదట. చివరికి ఆ జవాబు ఒక పాత నవలలో దొరికింది. పేరుకది భయానక నవల. బురదనేల మధ్య ఒక పెద్ద బంగళా. నీళ్లలో పడి చనిపోయిన ఆ ఇంటి ఇల్లాలు వాన కురిసిన సాయంత్రాల్లో తిరిగి వస్తుంది. ఎవరినీ ఏమీ చేయదు. కూతురి గౌనుకి ఊడిన గుండీ కుట్టి, దుప్పటి సరిచేసి వెళ్లిపోతుంది. భయమంతా ఇంట్లోవాళ్లదే. ఆ భయంతో ఒకరినొకరు అనుమానించుకుంటారు, పిల్ల గది కిటికీలను ఇటుకలతో మూసేస్తారు. గాలీ వెలుతురూ లేక పిల్ల మంచాన పడుతుంది.

పిన్ని ఆ చివరి సంగతుల జోలికి పోలేదు. తల్లి వచ్చే పేజీలు మాత్రం ఏరి చదివి వినిపించేది. చిట్టి బెదరలేదు సరికదా, చినుకు పడితే చాలు, వెళ్లి కిటికీ రెక్క తీసేది. ఒకరోజు నాతో, "నిన్న మా అమ్మ వచ్చింది మావయ్యా. నేను నిద్రపోయాను కదా, అందుకే కనపడలేదు" అంది, బడిలో జరిగిన ముచ్చటేదో చెప్పినట్టు.

కొన్నేళ్లకు ఆ నవలని సినిమాగా తీశారు. డబ్బింగ్ మా దగ్గరే, అదీ చిట్టి బడిలో ఉండే వేళల్లో. తల్లి పాత్రకి పిన్నిని పిలిచారు. ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. తీరా తెర మీద బొమ్మ పడ్డాక చూస్తే, ఆ తల్లికి తెల్లగుడ్లు, వంకర గోళ్లు. గోడలోంచి వచ్చి వంటవాడి మెడ విరిచేస్తుంది. కన్నకూతుర్ని బురదలోకి ఈడ్చుకుపోబోతుంది. నవలలో కిటికీలు మూసినవాళ్లే సినిమాలో ఆవిడను తగలబెట్టి పిల్లను కాపాడతారు.

పిన్ని హెడ్‌ఫోన్స్ తీసి దర్శకుడి దగ్గరికి వెళ్లింది.

"ఈవిడ చంపదండీ. పుస్తకంలో ఒక్కరిని కూడా చంపదు."

ఆయన చెడ్డవాడేం కాదు. "నాకూ ఆ పుస్తకం ఇష్టమేనమ్మా. కానీ అందులో భయం ఇంట్లోవాళ్ల మనసుల్లో ఉంటుంది. దాన్ని కెమెరాకి ఎలా చూపించను? ఎవరో ఒకరి మొహానికి పులమాలి. ఆవిడ మొహానికి పులిమాను" అన్నాడు.

గుండీ కుట్టే సీనైనా ఉందా అని అడిగింది. తీశారట, కొంతమందికి వేసి చూపిస్తే అక్కడ నవ్వారట, కత్తిరించేశారట.

చేయనన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయిందని తర్వాత నాతో అంది. తను కాదంటే ఇంకెవరో కీచుగా అరిచేసి పోతారు, అదేదో తనే కాస్త మనసు పెట్టి చెబితే నయం కదా అని సరిపెట్టుకుందట. బురద ఒడ్డున తల్లి కూతుర్ని పిలిచే చోట మాత్రం దర్శకుడు అరుపు వద్దన్నాడు. ఇంట్లో పిల్లను ఎలా పిలుస్తారో అచ్చం అలాగే పిలవమన్నాడు. పిన్ని కళ్లు మూసుకుని, "రా తల్లీ, అమ్మ దగ్గరికి రా" అంది. టేక్ ఓకే అన్నది నేనే.

సినిమా బాగా ఆడింది. చిట్టికి పదేళ్లప్పుడు, ఒక సెలవురోజు మధ్యాహ్నం, స్నేహితురాలి ఇంట్లో అది టీవీలో చూసింది. ఆ సాయంత్రం పిన్ని అన్నానికి, "రా తల్లీ" అని పిలిస్తే, రాకపోగా వెనక్కి వెనక్కి నడిచి తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది.

ఆ తర్వాత వాన పడితే కిటికీలన్నీ బిగించి గడియలు పెట్టేది. అలమరలో ఉన్న తల్లి ఫోటో తీసేయమంది. పిన్ని పుస్తకం తెచ్చి పక్కన కూర్చుని, ఇందులో అలా లేదే, అది సినిమావాళ్లు మార్చిన కథ అని బతిమాలింది.

"మరి దానికి నువ్వెందుకు డబ్బింగ్ చెప్పావు?" అంది చిట్టి.

పిన్ని పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. ఆ ఏడాది నుంచి దెయ్యాల పాత్రలు మానేసింది. ఎక్కువగా గయ్యాళి అత్తలకు గొంతు ఇచ్చేది.

కాలం గడిచి చిట్టి పెద్దదైంది, కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగంలో చేరింది. ఇద్దరి మధ్యా ప్రేమకేం లోటు లేదు. పిన్నికి కాలు నొప్పి చేస్తే సెలవు పెట్టి కూర్చునేది. అలాంటి ఒకరోజు, కాపడం పెడుతూ, మామూలుగానే అందట: "భయం ఎప్పుడో పోయింది పిన్నీ. కానీ అమ్మ అనుకుంటే ఆ సినిమా మొహమే వస్తుంది. నీ గొంతుతో మాట్లాడుతుంది. అసలు అమ్మ ఎలాంటి మనిషో నాకు తెలియనే తెలియదు."

ఇదంతా నాకు చెబుతూ పిన్ని టీ గ్లాసు పక్కన పెట్టేసింది. "ఆ దర్శకుణ్ణి ఇన్నేళ్లూ తిట్టుకున్నాను. నేను మాత్రం చేసిందేమిటి? అక్క సంగతి ఎత్తితే ఏడుపు ఆగదని, అక్కకు బదులు పుస్తకంలో అమ్మను తెచ్చి పెట్టాను. అదీ నాకు నచ్చిన పేజీలే" అంది.

కాపడం పెట్టిన ఆ రోజే చిట్టికి అక్క గురించి చెప్పడం మొదలుపెట్టిందట. కోపం ఎక్కువని, పాట పాడితే శ్రుతి కుదిరేది కాదని, వీధిలో అందరికన్నా గబగబా నడిచేదని. చిట్టి ఎవరో తెలియని మనిషి గురించి వింటున్నట్టు మర్యాదగా విన్నదట. అంతా అయ్యాక, అమ్మ గొంతు ఎలా ఉండేదని అడిగింది.

"అచ్చం నాలాగే ఉండేదే" అందట పిన్ని.

చిట్టి చల్లారిన గుడ్డ తీసుకుని, వేడినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది.